నక్కవాగు నీళ్లు ఎటు పోయాయి?

బీకాం అయినా, బీటెక్ అయినా, డిగ్రీలో చేరిన విద్యార్థికి పర్యావరణ అధ్యయనం అనే పేపరు ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం దానికి మూలం. చాలా విశ్వవిద్యాలయాలు పట్టించుకోకపోవడంతో 2003లో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు యూజీసీ ఎనిమిది యూనిట్లతో ఒక పాఠ్యప్రణాళిక ఇచ్చింది. పరీక్షకు ముందురోజు గైడు తిరగేసి గట్టెక్కే పేపరుగా దానికి పేరుపడింది. అందులో చివరి యూనిట్ క్షేత్ర పర్యటన. దగ్గర్లో ఉన్న ఒక కలుషిత ప్రదేశానికి వెళ్లి, చూసి, రాయమని ఆ యూనిట్ అడుగుతుంది.

సంగారెడ్డి జిల్లాలో చదివే పిల్లలు దానికోసం దూరం పోనక్కరలేదు. కందిలో ఐఐటీ ఉంది, రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయం ఉంది. ఆ రెండింటినీ హైదరాబాద్‌తో కలిపే ముంబై హైవే మీదే ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు వస్తాయి. హైవే దిగి కాస్త లోపలికి పోతే పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం. పుస్తకంలో నీరు, నేల, గాలి, ఆరోగ్యం, చట్టం వేర్వేరు అధ్యాయాలు. ఇక్కడ అవన్నీ ఒకే వాగు వెంట ఉంటాయి. ఏ పదార్థమూ మాయమైపోదని, రూపమో చోటో మార్చుకుంటుందని ఆ పుస్తకం మొదట్లోనే చెబుతుంది. దాదాపు యాభై ఏళ్లుగా పటాన్‌చెరులో కాలుష్యానికి కనిపెట్టిన మార్గాలు చాలామటుకు చోటు మార్చడంతోనే సరిపెట్టుకున్నాయి. ఎక్కడి నుంచి ఎక్కడికి మారింది, మారినప్పుడల్లా ఎవరి మీద పడింది అన్నది వరుసగా చూస్తే ఆ పేపరు మొత్తం అర్థమవుతుంది.

ముందు, ఇక్కడే ఎందుకు? ఈ ఊళ్లున్న మెదక్ అప్పట్లో వెనుకబడిన జిల్లా. అలాంటి జిల్లాల్లో పరిశ్రమ పెడితే రాయితీలు వచ్చేవి. నగరం పక్కనే ఉంది, ముంబైకి రోడ్డు ఉంది, మెట్ట భూములు చవక. 1970ల మధ్యలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. బాలానగర్‌లో 1960లలోనే వచ్చిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఒక తరం కెమిస్టులను తయారుచేసింది. 1970 పేటెంట్ల చట్టం మందు మీద పేటెంటు తీసేసి, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంచింది. కాబట్టి విదేశీ మందును వేరే పద్ధతిలో ఇక్కడే చేసుకునే వీలుండేది. ఆ నైపుణ్యం, ఆ చట్టం, ఈ చవక భూమి కలిసిన చోట, మాత్రల్లోకి వెళ్లే అసలు రసాయనాన్ని చేసే బల్క్ డ్రగ్ కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. మన ఊరి మందుల షాపులో యాంటీబయాటిక్ చవగ్గా దొరకడం వెనుక ఈ చరిత్రే ఉంది. పేదవాడికి ప్రాణం నిలబడిందంటే అందులో పటాన్‌చెరు వాటా ఉంది. ఈ కథ ఎంత బాధ పెట్టినా ఆ మాట మరవకూడదని నా అభిప్రాయం.

అయితే మందు తయారీలో మందు కన్నా వ్యర్థమే ఎక్కువ. మాత్రలోకి వెళ్లే అసలు రసాయనం ఒక కిలో తయారుచేయాలంటే ఎన్నో దశల్లో ద్రావకాలు, ఆమ్లాలు, క్షారాలు వాడాలి. ఒక్కో దశలో కొంత పనికొస్తుంది, మిగతాది పారబోయాలి. ఫార్మా రంగంలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, వ్యర్థం వస్తుందని రసాయన శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పెట్రోలు శుద్ధి చేసే రిఫైనరీల్లో ఈ లెక్క కిలోకు వంద గ్రాములు కూడా దాటదు. బొగ్గు గనిలా, సిమెంటు ఫ్యాక్టరీలా పైకి నల్లగానో తెల్లగానో కనిపించని పరిశ్రమ కాబట్టి ఫార్మా శుభ్రమైనదని చాలామంది అనుకుంటారు. ఆ వంద కిలోలు ఎటు పోవాలో మొదట్లో ఎవరూ ఆలోచించలేదు. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది, రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి 1976లో వచ్చింది. కానీ కంపెనీ గోడ పక్కన పల్లం ఉంది, పల్లంలో వాగు ఉంది.

ఈ ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, కిందిది అలుగు పోస్తే వాగులో కలుస్తుంది. చిన్న వాగులు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి, మంజీర నిజాంసాగర్ మీదుగా కందకుర్తి దగ్గర గోదావరిలోకి. వానను పొదుపు చేసుకోవడానికి తరతరాలుగా కట్టుకున్న ఈ ఏర్పాటే కంపెనీల నీళ్లను ఊరూరికీ మోసుకుపోయింది. పోచారం, బాచుగూడెం, లక్డారం, కిష్టారెడ్డిపేట, గండిగూడెం లాంటి ఊళ్లలో వాగు నీటితో వరి పండించుకునే రైతులు మొదట చూసింది నీటి రంగు మారడం. తర్వాత నారు ఎండిపోవడం. ఆ తర్వాత ఆ నీళ్లు తాగిన పశువులు చావడం.

భూమి లోపలి సంగతి అంత తేలిగ్గా కంటికి కనపడదు. ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు. పైన కొన్ని మీటర్ల మందాన మెత్తబడిన రాయి, దాని కింద గట్టిరాయి, ఆ రాతిలో పగుళ్లు. మన బోరుబావికి నీరొచ్చేది ఆ పగుళ్ల నుంచే. పగుళ్లు ఎటు సాగితే కాలుష్యం అటు పోతుంది కాబట్టి ఒకే ఊళ్లో ఒక బోరు బాగుండి, దాని పక్క బోరు పాడైపోవచ్చు. వాగు వెంట ఇసుక మేటలున్న చోట మురుగు మరింత దూరం, మరింత త్వరగా పాకుతుంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు నేలల్లో, భూగర్భ జలాల్లో భార లోహాలను కొలిచి నివేదించారు, ఆర్సెనిక్ కూడా దొరికింది. వాగులో మురికి ఒక వానాకాలంలో కొట్టుకుపోవచ్చు. పగుళ్లలోకి దిగినది దశాబ్దాలపాటు అక్కడే ఉంటుంది. ఫ్యాక్టరీ మూతపడినా బోరు బాగుపడకపోవడానికి ఇదే కారణం.

ఊళ్లు ఊరుకోలేదు. ధర్నాలు చేశాయి, రోడ్ల మీద కూర్చున్నాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల జబ్బులకు, వాళ్లు తాగే నీటికి ఉన్న సంబంధాన్ని గమనించి, జీవితమంతా ఈ పోరాటంలో ముందు నిలిచారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ పేరుతో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. పంట నష్టపోయిన రైతులకు పరిహారం, ఊళ్లకు తాగునీరు ఇవ్వాలని కోర్టు మధ్యంతర ఆదేశాలిచ్చింది. తర్వాత కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు. కేసు వేసిన నాడు పుట్టిన పిల్లలు తీర్పు వచ్చేసరికి పిల్లల తల్లిదండ్రులై ఉంటారు. పర్యావరణ చట్టాల అధ్యాయం చదివేటప్పుడు చట్టాల పేర్లు, సంవత్సరాలతో పాటు ఈ ఇరవై ఏడు అన్న అంకె కూడా రాసుకోవాలి.

కేసు నడుస్తుండగానే 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. పేరు పటాన్‌చెరు ఎన్విరోటెక్, అందరూ పీఈటీఎల్ అంటారు. చిన్న కంపెనీలు విడివిడిగా శుద్ధి యంత్రాలు పెట్టుకోలేవు కాబట్టి ట్యాంకర్లలో తమ మురుగును ఇక్కడికి పంపుతాయి, ఇక్కడ అంతా కలిపి శుద్ధి చేస్తారు. ఆలోచన మంచిదే. శుద్ధి చేసిన నీరు ఇసుకవాగు ద్వారా నక్కవాగులోకి పోయేది. వదిలే నీటిని పీహెచ్, బీఓడీ, సీఓడీ, కరిగిన లవణాలు వంటి కొలతలతో పరీక్షించేవారు. సీఓడీ అంటే, నీటిలోని రసాయన మలినాన్నంతా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. వాగులోకి వదిలే నీటికి సాధారణ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. ఇది మొత్తం లెక్క. ఆ 250లో పంచదార ఎంత, విషం ఎంత, మందు ఎంత అన్నది సీఓడీ చెప్పదు. ఈ ఖాళీలోంచే తర్వాతి కథ బయటపడింది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఈ కేంద్రం వదిలే నీటిలో మందుల అవశేషాలను విడివిడిగా కొలిచి 2007లో ప్రచురించింది. అప్పటికి దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల మురుగు అక్కడికి వచ్చేది. రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు. పదకొండు మందులు లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటి ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది సిప్రోఫ్లాక్సాసిన్. విరేచనాలకో, మూత్రంలో మంటకో డాక్టరు రాసిచ్చే మాత్ర. అది లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అంటే ప్రతి 16 లీటర్ల నీటిలో ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర కరిగి ఉన్నంత. రోజుకు 45 కిలోలు, అంటే తొంభై వేల మాత్రలు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ ఇక్కడ ఒక్కరోజులో వాగులో కలిసేది. అదీ శుద్ధి అయిన తర్వాత.

2009లో అదే పరిశోధకులు చుట్టుపక్కల చెరువులను, ఆరు ఊళ్ల బావులను పరీక్షించారు. ఆ శుద్ధి కేంద్రం నీళ్లు చేరని చెరువులో కూడా లీటరుకు 6.5 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. శుద్ధి కేంద్రం లేని దారుల్లో కూడా మురుగు చెరువులకు చేరుతోందన్నమాట. రాత్రిపూట ట్యాంకర్లు వాగుల్లో దింపుతున్నాయని ఊళ్లవాళ్లు అప్పటికే ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు.

మందే కదా, విషం కాదు కదా అని అనిపించవచ్చు. ఇక్కడ కొంచెం నిదానించి చూడాలి. సిప్రోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియా డీఎన్ఏను నకలు తీసుకోనివ్వకుండా అడ్డుపడుతుంది. నకలు తీయలేని బ్యాక్టీరియా చస్తుంది. కోట్ల బ్యాక్టీరియాలో ఏ కొన్నింటికో జన్యువులో చిన్న తేడా వల్ల మందు పట్టదు. కలుపుమందు కొట్టిన చేనులో మందుకు చావని కలుపే మిగిలి విత్తనాలు రాల్చి మరుసటేడు చేనంతా కమ్ముకున్నట్టు, మందు నిండిన నీటిలో అవే మిగిలి పెరుగుతాయి. ఇంకా కష్టమైన సంగతి ఏమిటంటే, బ్యాక్టీరియా ఈ నిరోధక జన్యువులను తన సంతానానికే కాక పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకూ ఇవ్వగలదు. వాగు మట్టిలోని హాని చేయని సూక్ష్మజీవి దగ్గరున్న జన్యువు మన పేగుల్లోని సూక్ష్మజీవికి చేరవచ్చు.

పీఈటీఎల్‌లో ఆ కలయికకు దారి కూడా ఉండేది. మురుగును తినే పని చేసేవి సూక్ష్మజీవులే. రసాయనాల మధ్య అవి సరిగా పెరగవు కాబట్టి వాటికి బలంగా ఇళ్ల మురుగునీటిని కొంత కలిపేవారు. ఇళ్ల మురుగు అంటే మనిషి పేగుల్లోని బ్యాక్టీరియా. అవీ, యాంటీబయాటిక్కూ, రోజుల తరబడి ఒకే తొట్టిలో. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ప్రపంచమంతటా మురుగును శుద్ధి చేసే పద్ధతి ఇదే. కానీ యాంటీబయాటిక్‌ను కొలవని చోట ఆ పద్ధతి ఏం పెంచుతుందో తెలియదు.

2014లో కాజీపల్లి చెరువు మట్టిని స్వీడన్ చెరువుతో పోల్చిన అధ్యయనం దానికి లెక్క చెప్పింది. కాజీపల్లి బ్యాక్టీరియాలో నిరోధక జన్యువులు స్వీడన్ చెరువులో కన్నా 7,000 రెట్లు ఎక్కువ. ముఖ్యమైన యాంటీబయాటిక్ వర్గాలన్నిటినీ ఎదుర్కొనే జన్యువులు అందులో ఉన్నాయి. 2016 చివర్లో జర్మనీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ చుట్టూ 28 చోట్ల నమూనాలు తీస్తే ఒకచోట ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు 237 మిల్లీగ్రాములు తేలింది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది నేరుగా చనిపోయారని లాన్సెట్ పత్రిక లెక్క. ఆ మరణాల్లో పటాన్‌చెరు పాలు ఇంత అని చెప్పడానికి లెక్క లేదు, ఆసుపత్రుల్లో, కోళ్ల ఫారాల్లో, మన ఇళ్లలో విచ్చలవిడిగా వాడే మాత్రలకూ అందులో పెద్ద పాత్ర ఉంది. అయినా, జబ్బు నయం చేయడానికి తయారుచేసే వస్తువు తయారీలోనే ఆ జబ్బును నయంకానిదిగా మారుస్తుందంటే, మనిషి ప్రకృతి మీద వేసే ముద్ర ఎంత లోతుకు పోతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

మరి ఈ మురుగును ఏం చేశారు? పద్దెనిమిది కిలోమీటర్ల గొట్టం వేశారు. శుద్ధి అయిన నీరు నక్కవాగులోకి పోకుండా ఆ గొట్టం ద్వారా హైదరాబాద్ పెద్ద మురుగు కాలువలో కలిసి, అంబర్‌పేట శుద్ధి కేంద్రం మీదుగా మూసీలోకి పోతుంది. నక్కవాగు ఊళ్లకు కొంత ఊరట దొరికింది, అందులో సందేహం లేదు. మ్యాపు తీసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మంజీర గోదావరికి ఉపనది. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గోదావరి పరీవాహకంలో పుట్టిన మురుగును గొట్టం వేసి కృష్ణా పరీవాహకంలోకి మళ్లించామన్నమాట. మూసీ నీళ్లతో వరి, గడ్డి పండించుకునే రైతులను ఆ మాట ఎవరైనా అడిగారా? అంబర్‌పేట కేంద్రం ఇళ్ల మురుగు కోసం కట్టింది, మందుల అవశేషాలను విడగొట్టడానికి కట్టింది కాదు.

తర్వాతి మార్గం జీరో లిక్విడ్ డిశ్చార్జి. కంపెనీ ఆవరణ నుంచి చుక్క నీరు కూడా బయటికి రాకూడదు. మురుగును వడపోసి, మరిగించి ఆవిరి చేసి, నీటిని మళ్లీ వాడుకుని, మిగిలిన ఉప్పు ముద్దను దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. వీటన్నిటిలో ఇదే నిజంగా ముందడుగు. పెద్ద కంపెనీలు దీనికి ఖర్చు పెట్టాయి కూడా. కానీ మరిగించడానికి బొగ్గో కరెంటో కావాలి, ఆవిరితో పాటు కొన్ని ద్రావకాలు గాలిలోకి పోతాయి, ఉప్పు ముద్ద భూమిలో పూడుతుంది. ఖర్చు తప్పించుకోవాలనుకునేవాడికి రాత్రి, వాన అనే రెండు తోడుంటాయి. జోరువాన పడిన రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఆనవాలు ఉండదు. చెరువు మాత్రం సాక్ష్యం చెబుతుంది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి.

గాలి సంగతి చలికాలంలో తెలుస్తుంది. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది కాబట్టి వాసన చెదిరిపోతుంది. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వదిలినదంతా కిందే తిరుగుతుంది. కాజీపల్లి, గడ్డపోతారం వాళ్లకు ఈ ఘాటు నలభై ఏళ్ల నుంచి తెలుసు. బాచుపల్లి, అమీన్‌పూర్, మియాపూర్ అపార్ట్‌మెంట్ల వాళ్లు ఫిర్యాదు చేయడం మొదలుపెట్టాకే అది పత్రికల్లో తరచుగా వార్త అవుతోంది. అదే అమీన్‌పూర్‌లో పెద్ద చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. ఫ్లెమింగోలు వచ్చే చెరువుకూ కాజీపల్లి చెరువుకూ కొన్ని కిలోమీటర్లే దూరం. దాన్నిబట్టి ఇక్కడి నేల గుణం మంచిదేనని, పోగొట్టుకున్నది మన చేతలవల్లేనని తెలుస్తుంది.

పర్యావరణం అంటే కంపెనీ గోడ అవతలిదే అనుకోవడం కూడా పొరపాటు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి యాభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బతుకుదెరువుకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది మాత్రకు గట్టితనం ఇచ్చే సెల్యులోజ్ పొడి. రసాయనం మొదట తాకేది వాగును కాదు, దాని పక్కన నిలబడి పనిచేసే మనిషిని.

2009 డిసెంబరులో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టింది. 70 దాటితే అతి కలుషిత ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చింది. 2010 జనవరిలో ఇలాంటి 43 ప్రాంతాల్లో కొత్త పరిశ్రమలకు అనుమతులు తాత్కాలికంగా నిలిపివేశారు. ఆ సూచీలో కూడా యాంటీబయాటిక్‌ల కొలత లేదు. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తరలించాలన్న మాట చాలాకాలంగా ఉంది. ముచ్చర్ల చుట్టుపక్కల ఫార్మా సిటీ అన్నప్పుడు యాచారం, కందుకూరు మండలాల రైతులు, ఫార్మా విలేజ్ అన్నప్పుడు 2024లో లగచర్ల రైతులు ఎదురు తిరిగారు. వాళ్లను అభివృద్ధికి అడ్డుపడ్డవాళ్లని తిట్టేముందు పటాన్‌చెరు చరిత్ర ఒకసారి చదవాలి. వాళ్లు చదివారు.

కొలతల విషయంలో ఒక అవకాశం వచ్చి చేజారింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాల్లో ఒక్కో యాంటీబయాటిక్‌కు పరిమితుల పట్టికతో ముసాయిదా విడుదల చేసింది. ప్రపంచంలో అలాంటి నిబంధన పెట్టిన మొదటి దేశం మనదే అవుతుందని శాస్త్రవేత్తలు సంతోషించారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక లేదు. ఔషధ కంపెనీలే సభ్యులుగా ఉన్న అంతర్జాతీయ కూటమి తనకు తాను పెట్టుకున్న లక్ష్యం, సిప్రోఫ్లాక్సాసిన్ జలాల్లో లీటరుకు 0.06 మైక్రోగ్రాములు దాటకూడదని. 2007లో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం బయట కొలిచినది దానికి 5 లక్షల రెట్ల పైమాటే. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే, చట్టం కావు.

క్షేత్ర పర్యటనకు వెళ్లే విద్యార్థులు టీడీఎస్ మీటరు తీసుకెళితే కరిగిన లవణాలు ఎంతో చూపిస్తుంది, పీహెచ్ కాగితం ఆమ్లమో క్షారమో చెబుతుంది. మందు ఉందా లేదా అన్నది ఆ రెండూ చెప్పలేవు. దానికి పెద్ద ప్రయోగశాల కావాలి, అలాంటివి హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక బోర్డు ఉండాలి. ప్రమాదకర రసాయనాలు, వ్యర్థాలు, వదిలే నీరు, గాలి వివరాలు అందరికీ కనిపించేలా రాయాలని 2003లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ బోర్డు చదవండి, ఫొటో తీయండి, చివరగా రాసిన తేదీ ఏదో చూడండి. ఏ యాంటీబయాటిక్ ఎంత పోతోందన్న గడి అందులో కనిపించదు. 2020 ముసాయిదాలోని పట్టికను మళ్లీ చట్టంలోకి తెచ్చేదాకా ఆ గడి ఉండాలని కంపెనీని నిర్బంధించే నిబంధన ఏదీ లేదు.